ఫతేమైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా

హైదరాబాద్ ఆటల చరిత్ర చెప్పమంటే చాలామంది ఆటగాళ్ల పేర్లతో మొదలుపెడతారు. నేను నేలతో మొదలుపెడతాను. బషీర్‌బాగ్, అబిడ్స్, అసెంబ్లీ మధ్యలో నిజాం కాలేజీని ఆనుకుని ఉన్న నేల అది. ఇప్పుడు దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం. మా నారాయణగూడ పాతకాపులకు మాత్రం ఇప్పటికీ అది ఫతేమైదానే.

1687లో ఔరంగజేబు గోల్కొండ కోటను ముట్టడించి నెలల తరబడి కూర్చున్నప్పుడు మొగలు సైన్యం విడిది చేసింది ఇక్కడే. కోట చేజిక్కాక ఆ గెలుపు గుర్తుగా మైదానానికి ఫతేమైదాన్ అని పేరు పడింది. నిజాముల జమానాలో ఇక్కడ పోలో ఆడేవారు. అది దొరల ఆట, నవాబుల ఆట. మామూలు జనం ఈ నేల మీదికి ఆట చూడడానికి, ఆ తర్వాత ఆడడానికి రావడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సంగతి.

మొదట్లో క్రికెట్‌కు పెద్ద దిక్కు సికింద్రాబాద్ జింఖానా గ్రౌండు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలు అక్కడే పేరుకెక్కాయి. 1930-31లో, ఆ కప్పు మొదలైన రోజుల్లోనే, ‘విజ్జీ’గా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ తన జట్టుతో వచ్చాడు. ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. అప్పటికి ప్రపంచంలో అంతటి ఓపెనింగ్ జోడీ లేదు. ఒక తెలుగు జమీందారీ కుటుంబపు పట్టుదల వల్ల వాళ్లిద్దరూ మన కంటోన్మెంటు మట్టి మీద నిలబడి బ్యాటు పట్టారు.

ఫతేమైదాన్‌కు పెద్ద రోజు 1955 నవంబరులో వచ్చింది. న్యూజిలాండ్‌తో టెస్టు మ్యాచ్. హైదరాబాద్‌లో జరిగిన మొట్టమొదటి టెస్టు అదే. భారత జట్టుకు కెప్టెన్ మన ఊరి ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. సొంత ఊళ్లో, సొంత జనం ముందు దేశానికి నాయకత్వం వహించే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది! ఆ మ్యాచ్‌లోనే పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మన దేశం తరఫున తొలి డబుల్ సెంచరీ అది. సునీల్ గవాస్కర్‌కు, సచిన్‌కు, సెహ్వాగ్‌కు ముందు ఆ లెక్క మొదలైంది బషీర్‌బాగ్‌లో. ఈ సంగతి స్టేడియం గోడ పక్కనుంచి రోజూ బస్సులో పోయే మనలో ఎంతమందికి తెలుసు?

1967లో ఈ మైదానానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1969లో మళ్లీ న్యూజిలాండ్ వచ్చింది. ఆ టెస్టు మన ఊరికి అంత గర్వకారణమైంది కాదు. తొలి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 89కే కుప్పకూలారు. స్టాండ్లలో గొడవ జరిగింది. చివరి రోజు ఓటమి అంచున ఉండగా వాన పడి మనను కాపాడింది. వాన వెలిశాక న్యూజిలాండ్ ఆటగాళ్లు తామే దిగి మైదానం ఆరబెట్టే పనిలో చేయి కలిపారు. ఎంత ఆరాటపడ్డా మళ్లీ ఆట సాగలేదు. 1988లో మూడోసారి కూడా వచ్చింది న్యూజిలాండే. అప్పుడు పది వికెట్ల తేడాతో గెలిచాం. ఈ మైదానంలో జరిగినవి మూడే టెస్టులు, మూడూ ఒకే దేశంతో. వన్డేలకొస్తే 1999 నవంబరు ఒక్కటి చెబితే చాలు. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరి మధ్య 331 పరుగులు. అవతల ఉన్నది అప్పుడు కూడా న్యూజిలాండే.

క్రికెట్ మోతలో ఫుట్‌బాల్ సంగతి వినబడకుండా పోయింది. నా దృష్టిలో ఈ నగరం దేశానికి ఇచ్చిన అతి పెద్ద కానుక ఫుట్‌బాలే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతటికీ రహీం సాబ్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు.

రహీం సాబ్ పిల్లలకు పెట్టిన పోటీల గురించి వినాలి. ఒక టోర్నమెంటులో బంతిని కాలి దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు. అందగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకో దాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తడబడుతూ, తన్నుతూ, మెల్లగా రెండు కాళ్లతోనూ ఆడగలవాడయ్యేవాడు. ఇందుకు స్టేడియం అక్కర్లేదు, గ్యాలరీ అక్కర్లేదు. ఇంత చదునైన నేల, నాలుగు గుంజలు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి కావాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అలాంటి గల్లీ గ్రౌండ్ల నుంచే లేచాడు. మెల్‌బోర్న్‌లో, రోమ్‌లో ఆడాడు, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అమ్ముగూడ స్టేషన్ మీదుగా రైల్లో వెళ్తున్నప్పుడల్లా, ఇక్కడ ఆయన పేరున పిల్లలు ఆడుకునే ఒక మంచి గ్రౌండు ఉంటే ఎంత బాగుండును అనిపిస్తుంది నాకు.

ఎల్బీ స్టేడియం అంటే క్రికెట్ పిచ్ ఒక్కటే అనుకునేవాళ్లు తెల్లవారి ఆరింటికి ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. గ్యాలరీ సిమెంటు మెట్ల మీద ఆడపిల్లలు రెండు కాళ్లూ కలిపి ఎగురుతూ పైకి పోతుంటారు. ఇండోర్ హాల్లో బూట్లు కీచుమంటుంటాయి, షటిల్ తగిలి రాకెట్ టప్పుమంటుంటుంది. తలుపు బయట ఒక తల్లి స్కూలు బ్యాగు, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గడియారం చూసుకుంటూ ఉంటుంది. ఇక్కడ ఆట ముగించుకుని పిల్ల నేరుగా బడికి పోవాలి. స్టేడియం చుట్టూ ఉన్న ఆట సామాన్ల కొట్లు అప్పటికింకా తెరిచి ఉండవు. తెరిచాక చూస్తే కొత్త బ్యాటును చెక్క సుత్తితో ఓపిగ్గా కొడుతూ ఒకరు, రాకెట్‌కు తీగ బిగిస్తూ ఇంకొకరు కనబడతారు. మైదానం ఒక్కటుంటే దాని చుట్టూ ఇంతమంది బతుకుతారు.

ఆ ఇండోర్ హాల్‌కే 1990ల చివర రాజేంద్రనగర్ నుంచి ఒక తండ్రి తన కూతుర్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని చీకటితోనే బయలుదేరి తీసుకొచ్చేవాడు. ఆ పిల్ల సైనా నెహ్వాల్. నాని ప్రసాద్ గారి దగ్గర అక్షరాలు దిద్దింది ఇక్కడే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఇదే ఆవరణలోని టెన్నిస్ కోర్టులో 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. ఒక టెస్టు డబుల్ సెంచరీ, ఒక ఒలింపిక్ పతకానికి పునాది, ఒక టెన్నిస్ రికార్డు, మూడూ ఒకే ప్రహరీ లోపల. దేశంలో ఇంకెక్కడ ఉంది ఇలాంటి చోటు?

మరి ఈ చోటును మనం ఎలా చూసుకున్నాం?

ఇక్కడ సభలు జరుగుతాయి. జరగకూడదని గట్టిగా అనడానికి నాకూ నోరు రాదు, ఎందుకంటే వాటిలో కొన్ని మన చరిత్రే. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు గారు రాజ్‌భవన్ గోడల మధ్య వద్దని జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసింది ఇక్కడే. 2004లో రాజశేఖర రెడ్డి గారు, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి గారు కూడా ఇక్కడే ప్రమాణం చేశారు. నగరం నడిబొడ్డు కాబట్టి జనం చేరడం సులువు. ఆ సులువే ఈ మైదానానికి చేటయింది. ఒక సభ అయిన మర్నాడు నేను చూశాను. గడ్డిలో షామియానా గుంజలు దిగిన గుంతలు, లారీ చక్రాల గాడులు, నీళ్ల ప్యాకెట్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు. ఒక అథ్లెటిక్స్ కుర్రాడు కాలితో మట్టి తోస్తూ గుంత పూడుస్తున్నాడు. పక్కనున్న పెద్దాయన “కాలు మడతబడ్తది బిడ్డా, అటు దిక్కు ఉరుకు” అంటున్నాడు. పరిగెత్తే పిల్లవాడికి మడమ బెణికితే ఆ సీజన్ పోయినట్టే. సభ పెట్టినవాళ్లకు ఆ లెక్క తెలియదు.

2002లో నగరం ఆటల పటం మారిపోయింది. ఆ డిసెంబరులో 32వ జాతీయ క్రీడలు హైదరాబాద్‌కు వచ్చాయి. అప్పటికి గచ్చిబౌలి అంటే బండరాళ్లు, తుప్పలు. అక్కడ ముప్పై వేల మంది పట్టే అథ్లెటిక్ స్టేడియం, సింథటిక్ ట్రాక్, ఇండోర్ స్టేడియం, ఈత కొలను, హాకీ మైదానం లేచాయి. ఆ ఏడాది మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరు స్టేడియానికి పెట్టారు. ఉస్మానియా ఆవరణలో సైకిల్ పందేలకు వెలోడ్రోమ్ కట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. ఆ పేరుతో క్రీడలు జరగడం అదే మొదలు, అదే ఆఖరు. సానియా నాలుగు స్వర్ణాలు గెలిచింది అందులోనే. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు, 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు కూడా గచ్చిబౌలికి వచ్చాయి. క్రికెట్ ఎల్బీ నుంచి ఉప్పల్‌కు తరలింది. 2005 నవంబరులో అక్కడ తొలి వన్డే జరిగింది.

ఆ కట్టడాల మీద నాకు చిన్నచూపు లేదు. సింథటిక్ ట్రాక్ లేకుండా ఈ రోజుల్లో పరుగు పందెగాడు తయారు కాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లోకి వచ్చాక గచ్చిబౌలి స్టాండ్లలో మళ్లీ ఫుట్‌బాల్ కేకలు వినబడ్డాయి. 2021-22లో ఆ జట్టు చాంపియన్ అయినప్పుడు రహీం సాబ్ ఊరికి ఆట తిరిగొచ్చిందని సంతోషపడ్డవాళ్లలో నేనొకణ్ని. కాని పోటీల కోసం కట్టినవి పోటీలు అయ్యాక ఏమవుతాయన్నది అసలు ప్రశ్న. క్రీడాకారుల బస కోసం కట్టిన గచ్చిబౌలి టవర్ చాలా ఏళ్లు పెద్దగా పనికి రాలేదు. 2020లో కరోనా వస్తే దాన్ని టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. ఆపదలో అక్కరకొచ్చింది, మంచిదే. అయితే ఆటగాళ్లకని కట్టిన గదుల్లో ఆటగాళ్లు ఎన్నాళ్లున్నారు?

అదే గచ్చిబౌలిలో, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో అకాడమీ తెరిచాడు. ప్రభుత్వం స్థలం ఇచ్చింది, దాతలు డబ్బు ఇచ్చారు, ఆయన తెల్లవారుజాము నుంచి కోర్టు మీద నిలబడ్డాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో పీవీ సింధు రజతం అక్కడినుంచి వచ్చింది. స్టేడియంతో పోలిస్తే అది చిన్న కట్టడం. తాళం మాత్రం రోజూ చీకటితోనే తీస్తారు. నగరంలోని క్రీడా కట్టడాలన్నింటినీ నేను ఈ ఒక్క కొలతతోనే చూస్తాను. ఎంతమంది పడతారన్నది తర్వాత, రోజూ ఎంతమంది ఆడతారన్నది ముందు.

దూరం సంగతి కూడా చెప్పాలి. బషీర్‌బాగ్‌కు పాతబస్తీ పిల్లవాడైనా, ముషీరాబాద్ పిల్లవాడైనా ఒక్క బస్సెక్కి రాగలడు. చాంద్రాయణగుట్ట నుంచి గచ్చిబౌలికి వెళ్లి, ఆడి, బడి వేళకు తిరిగి రావడం కారున్న ఇంటి పిల్లలకే సాధ్యం. అందుకే సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం, యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర రెడ్డి స్టేడియం వంటివి పేరు తక్కువైనా పని ఎక్కువ చేస్తున్నాయి.

పార్కులు, రోడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కేబీఆర్ పార్కు చుట్టూ, ఇందిరా పార్కులో, పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచేవాళ్ల వల్లనే నగరానికి పరుగు అలవాటయింది. 2011 నుంచి హైదరాబాద్ మారథాన్ జరుగుతోంది. హుస్సేన్‌సాగర్ పక్కన నెక్లెస్ రోడ్డు మీద మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. పాత నగరం ఒడ్డు నుంచి కొత్త నగరం ఒడ్డు దాకా ఒక ఉదయం రోడ్లన్నీ మైదానమవుతాయి. సాగర్ నీళ్ల మీద తెరచాప పడవల పోటీలూ జరుగుతాయి, సముద్రం లేని ఊళ్లో!

పెద్ద పోటీలు మళ్లీ మన నగరానికి రావాలని అందరం కోరుకుంటున్నాం. రావాలి. వాటికి ముందు రెండు పనులున్నాయి. ప్రభుత్వానికి నా విన్నపం: సభలకు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ ఉంది, ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియం ఉంది, ఎల్బీ స్టేడియాన్ని ఆటలకే విడిచిపెట్టండి. 1955 టెస్టు గురించి, రహీం సాబ్ గురించి, సైనా మొదటి పాఠాల గురించి అక్కడ పిల్లలకు కనబడేలా ఒక పలక పెట్టండి. చదివేవారికి నా మాట: మీ ఇంటికి దగ్గరలో ఉన్న జీహెచ్ఎంసీ గ్రౌండు ఏదో కనుక్కోండి. అక్కడ గేటు ఎన్ని గంటలకు తీస్తారో, కోచ్ ఉన్నాడో లేడో, రుసుము ఎంతో వెళ్లి అడగండి. గేటుకు తాళం ఉంటే ఎందుకుందో మీ కార్పొరేటర్ని అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.