వెండి చెంచా వెనుక వైపు



పెండ్లి సీరు కోసం కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో పాత వెండి వేసి కొత్తది తీసుకోవడం మన ఇండ్లలో మామూలే. అంగట్లో తూకమే చూస్తారు. కరిగించాక ఆ సామాను వయసు చెప్పేది ఏదీ మిగలదు. వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి.

ఎట్లా చూడాలో ఐర్లాండు చెంచాలను పెట్టి చెబుతాను. ఆ దేశం మనకు మరీ కొత్తది కాదు. 1911లో మన మణియాచ్చి జంక్షన్‌లో వాంచినాథన్ కాల్చిన కలెక్టర్ ఆష్ ఐర్లాండువాడే.

డబ్లిన్ కంసాలుల సంఘానికి 1637లో రాజు పత్రం ఇచ్చాడు. వెయ్యికి 925 పాళ్ళు వెండి ఉంటేనే కిరీటం పెట్టిన హార్ప్ వాద్యం ముద్ర పడేది. పక్కన ఏ ఏడు పరీక్షించారో చెప్పే అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు. 1730లో ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం వచ్చింది. అది కట్టినందుకు గుర్తుగా హైబర్నియా అనే కూర్చున్న స్త్రీ బొమ్మ చేరింది. 1807 నుండి రాజు తల. కార్క్ ఊళ్ళో పరీక్షించే ఆఫీసు లేదు, అక్కడివాళ్ళు తమ పేరు పక్కన స్టెర్లింగ్ అని తామే కొట్టుకున్నారు.

మద్రాసు కథ కూడా అంతే. పి. ఓర్ అండ్ సన్స్ దేవుళ్ళ బొమ్మలతో చేసిన స్వామి వెండికి కంపెనీ పేరే సాక్షి. మన దేశంలో వెండికి హాల్‌మార్క్ వచ్చింది 2005లోనే. తాతల నాటి చెంబు మీద ముద్ర లేదని అంగడివాడు నాసి అంటే నమ్మకండి, పరీక్షించమనండి.

నగిషీ దగ్గరే చాలామంది మోసపోతారు. 1700లలో చేసిన సాదా చెంచాలను విక్టోరియా రాణి కాలంలో మళ్ళీ సుత్తికిచ్చి, గుంటలో పండ్లు, ఆకులు లేపి, బంగారు పూత పూశారు. బెర్రీ చెంచాలంటారు. ముద్ర అక్షరం 1780ది, పండ్లు డెబ్బై ఎనభై ఏళ్ళ తరువాతివి. పార్సిలు మీద బుక్ చేసిన స్టేషన్ ముద్ర వేరు, దారిలో గీసిన చాక్‌పీసు గీతలు వేరు కదా! అయితే కాడ మీద సన్నగా, తళతళలాడేట్టు కోసిన నగిషీ చేసిన నాటిదే కావచ్చు. అది ఆ కాలం వాడుకే.

మన చెంబుల మీద చుక్కలతో కొట్టిన పేర్లూ ఇట్లాంటివే. పేరు అవ్వది, చెంబు ఆమె అత్తది కావచ్చు. పాత పేరు గీకి కొత్తది కొట్టిన చోట వెండి పలచబడుతుంది. నోటి ఆవిరి ఊదితే ఒక్కోసారి పాత గీతలు లేస్తాయి. పండ్ల చెంచా నాకు నచ్చదు, కాని పేరు మీద పేరున్న చెంబును తప్పు పట్టను.

అడుగు, కాడ వెనుక, అంచు ఫోటో తీయండి. పేరు తమిళంలో ఉన్నా తెలుగులో ఉన్నా ఎవరిదో ఇంటి పెద్దామెను అడిగి రాసుకోండి. ముద్రల మీద మాత్రం గట్టిగా తోమవద్దు, అరిగిపోతాయి.