ఎస్‌ఎంపీఎస్ స్టార్టప్ లోపాలు: సొంతంగా కట్టుకున్న యాంప్లిఫయర్లలో

సొంతంగా కట్టిన యాంప్లిఫయర్‌కు ఎస్‌ఎంపీఎస్ (స్విచ్-మోడ్ పవర్ సప్లయి) తగిలించి స్విచ్ వేస్తే, పాట రాకుండా టిక్ టిక్‌మనడం తరచూ కనిపించే లోపం. సప్లయి కాలిపోయిందని చాలామంది తేల్చేస్తారు. నిజానికి ఆ శబ్దమే అది బతికుందనడానికి సాక్ష్యం: కంట్రోలర్ మొదలవుతోంది, రక్షణ వలయం ఆపేస్తోంది. ముందుగా అనుమానించవలసింది లోడునే. 36 వోల్టుల సప్లయికి 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు కలిపితే, 5 ఆంపియర్ల పరిమితితో అవి నిండడానికి 72 మిల్లీసెకన్లు కావాలి. రక్షణ వలయం అంతకుముందే సప్లయిని ఆపేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అవే కెపాసిటర్లు పాత ట్రాన్స్‌ఫార్మర్‌తో పనిచేశాయి కదా అనవచ్చు. ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్ క్షణకాలపు ఓవర్‌లోడును ఓర్చుకుంటుంది, ఎస్‌ఎంపీఎస్ ఓర్చుకోదు. పైగా 100 హెర్ట్జ్ రిపుల్ కోసం పెట్టినంత కెపాసిటెన్స్ పదుల కిలోహెర్ట్జ్‌లో నడిచే సప్లయికి అక్కర్లేదు. కెపాసిటెన్స్ తగ్గించడం ఇష్టంలేకపోతే సప్లయికి, కెపాసిటర్లకు మధ్యలో రెసిస్టరు, కాసేపయ్యాక దాన్ని దాటవేసే రిలే పెట్టాలి.

యాంప్లిఫయర్ తీసేసి చిన్న డమ్మీ లోడు పెట్టినా టిక్కు ఆగకపోతే తప్పు లోపలిదే. ఉదాహరణకు, కంట్రోలర్ యూసీ3842 ఐసీ అయితే, అది దాదాపు 16 వోల్టుల వద్ద మొదలై, 10 వోల్టులకు పడితే ఆగిపోతుంది. ఆక్సిలరీ వైండింగ్ అందుకునేదాకా దాన్ని నిలబెట్టేది ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. వేడికి ఎండిపోతే నిలబెట్టలేదు. సప్లయికి సిరీస్‌లో బల్బు పెట్టి చేసే పరీక్ష భద్రతకు మంచిదే గాని, బల్బు దగ్గర వోల్టేజీ పడిపోయి బాగున్న సప్లయి కూడా తడబడవచ్చు. ప్లగ్గు తీశాక కూడా ప్రైమరీ కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా మిగలవచ్చు. రెసిస్టరుతో డిశ్చార్జి చేసి, మీటరుతో చూశాకే చేయి పెట్టాలి.