నేనే ఫస్టా?

చలికి కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. 2022 ఫిబ్రవరి 14, రాత్రి. చైనాలోని ఝాంగ్‌జియాకౌ కొండల్లో, గెంటింగ్ స్నో పార్క్‌లో మీరు తల పైకెత్తి నిలబడ్డారు. వింటర్ ఒలింపిక్స్‌లో మహిళల ఏరియల్స్, అంటే స్కీలతో గాలిలోకి ఎగిరి పల్టీలు కొట్టే ఆట. నిన్న జరగాల్సిన క్వాలిఫయింగ్ విపరీతంగా మంచు కురవడంతో ఇవాళ మధ్యాహ్నం జరిగింది. ఫైనల్ కూడా ఇవాళే. కోవిడ్ రోజులు కావడంతో జనం పలచగా ఉన్నారు, ఉన్నవాళ్ళకి మాస్కులు.

ఎదురుగా కిక్కర్. మంచుతో కట్టిన మెట్ట అది, అంచు దగ్గర దాదాపు నిలువుగోడ. అవతల, ఎగిరినవాళ్ళు దిగే వాలును పారలతో దుక్కి దున్నినట్టు గుల్ల చేసి ఉంచారు. అది గట్టిపడిందంటే మోకాళ్ళు నిలవవు.

మోకాళ్ళ సంగతి పైన నిలబడ్డ చైనా అమ్మాయి షు మెంగ్‌తావ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. 2016లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌లో మెనిస్కస్ కొంత తీసేశారు. అంటే ఎముకల మధ్య ఉండాల్సిన మెత్త ఇప్పుడు పూర్తిగా లేదు. అయినా మూడంతస్తుల ఎత్తుకి పైనుంచి పదేపదే దిగుతూనే ఉంది. ఎందుకని అడగాలనిపిస్తుంది గానీ, ఆమె గతం తెలిస్తే నోరు రాదు.

ఉక్కు ఫ్యాక్టరీల ఊరు అన్షాన్‌లో పుట్టింది. అమ్మానాన్నలు నిప్పుల మీద కబాబులు కాల్చి అమ్మేవారు. నాలుగేళ్ళకే జిమ్నాస్టిక్స్‌లో వేశారు. పన్నెండేళ్ళకి ఏరియల్స్‌కి మారింది. చైనా ఈ ఆటకి జిమ్నాస్టులనే ఏరుకుంటుంది: గాలిలో ఒళ్ళు తిప్పడం ముందే వచ్చు, స్కీలు తొడగడం తర్వాత నేర్చుకోవచ్చు. 2010 వాంకూవర్‌లో ఆరో స్థానం. 2013లో ప్రపంచ ఛాంపియన్. 2014 సోచీ ఫైనల్లో దిగుతూ తడబడి 83.50తో రజతం. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో పడిపోయి పతకమే లేదు. ఇది నాలుగో ఒలింపిక్స్, వయసు 31. ఆమె ఒక్కతే కాదు, దేశానిదీ అదే బాధ. 1998 నుంచి చైనా అమ్మాయిలు ఈ పోటీలో తెచ్చిన రజతాలు ఐదు, స్వర్ణం సున్నా. నాలుగు రోజుల కిందట ఇక్కడే జరిగిన మిక్స్‌డ్ టీమ్‌లోనూ రజతమే.

చివరి రౌండుకి మిగిలింది ఆరుగురు. తలా ఒకటే జంప్. బెలారుస్‌కి చెందిన హానా హుస్కోవా, క్రితం ఒలింపిక్స్ విజేత, బోర్డు మీద 107.95 పెట్టి కూర్చుంది. అంత మార్కు దాటాలంటే జాగ్రత్తపడి లాభం లేదు. మెంగ్‌తావ్ ఎంచుకున్నది మూడు పల్టీలు, ప్రతి పల్టీలోనూ ఒక పూర్తి ట్విస్ట్. డిఫికల్టీ 4.293.

కదిలింది. చేతుల్లో కర్రలు లేవు, ఈ ఆటలో వాడరు. మంచు మీద స్కీల బరబర మాత్రమే వినిపిస్తోంది. కిక్కర్ ఎక్కేటప్పుడు చేతులు పైకి లేచాయి, అంతే, ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. మొదటి పల్టీ, ట్విస్ట్. రెండోది, కాళ్ళు అంటించినట్టు కలిసే ఉన్నాయి. జడ్జీలు ఎక్కువ బరువిచ్చేది ఈ ఫామ్‌కే, సగం మార్కులు. మీరు ఇంకా రెండోది లెక్కపెడుతుండగానే మూడోది అయిపోయి ఆమె కళ్ళు నేలని వెతుకుతున్నాయి. మొత్తం మూడు సెకన్లు పట్టిందేమో.

దబ్‌మని దిగింది. మంచు లేచింది. మోకాళ్ళు వంగాయి, వంగి నిలబడ్డాయి.

కిందికి జారుతూనే అరిచింది. మాట కాదది, ఒట్టి అరుపు. 108.61.

హుస్కోవాతో తేడా 0.66. జడ్జీల మార్కుని డిఫికల్టీతో గుణిస్తే వచ్చేదే స్కోరు, కాబట్టి తిరిగి భాగించి చూడండి: ముప్ఫైకి జడ్జీలు వేసింది 25.3. మచ్చలేని జంప్ అని ఎవరూ అనరు. కష్టమైనది ఎంచుకుని, దాని మీద నిలబడినందుకే ఆధిక్యం దక్కింది. నాకైతే ఈ ఆటలో నచ్చే లెక్క ఇదే.

కానీ ఇంకా దూకాల్సినవాళ్ళున్నారు. ఆమె కింద నిలబడి చూడాలి, చేయగలిగేదేమీ లేదు. ఒక్కొక్కరూ దిగారు. ఎవరి నంబరూ 108 దాటలేదు. అమెరికా అమ్మాయి యాష్లీ కాల్డ్‌వెల్ దిగేటప్పుడు తడబడి నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆమెకీ ఇది నాలుగో ఒలింపిక్సే. మొన్నటి టీమ్ స్వర్ణం మాత్రం ఆమె జట్టుదే.

బోర్డు మీద వరుస స్పష్టంగానే ఉంది. మెంగ్‌తావ్ నమ్మడం లేదు. కన్నీళ్ళతో, వెక్కిళ్ళతో, కనిపించినవాళ్ళనల్లా అడుగుతోంది: నేనే ఫస్టా? నేనే ఫస్టా? పతకం చేజారిన కాల్డ్‌వెల్ వచ్చి ఆమెని గట్టిగా కావలించుకుంది. తావ్‌తావ్ అని ముద్దుపేరుతో పిలిచి, అవును, ఒలింపిక్ ఛాంపియన్‌వి నువ్వే అని చెప్పింది.