పటిక పట్టిన ఎరుపు

17వ శతాబ్దంలో మచిలీపట్నం (బందరు) గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుగా వర్ధిల్లుతున్న కాలంలో, 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఒకరి వెంట ఒకరు వచ్చి ఇక్కడ వర్తకశాలలు నెలకొల్పడానికి ముఖ్య కారణాలలో ఒకటి ఈ ప్రాంతపు అద్దకపు బట్ట. నూలుగుడ్డ మీద ఎన్ని ఉతుకులకూ వెలవని ఎరుపును నిలపడం ఐరోపా అద్దకందారులకు అప్పటికి పట్టుబడని విద్య. 1618 నుంచి 1622 వరకు ఈ రేవులో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు ఆ ఎరుపును ఈ దేశపు మొక్క ఒకటి ఇస్తుందని రాశాడు. ఆ మొక్కనే తెలుగువారు చిరివేరు అంటారు. తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఆ చిన్న మొక్క సన్నని వేళ్లలో ఎర్రని రంగు దాగి ఉంటుంది.

అయితే బందరు అద్దకపు గొప్పతనమంతా ఆ వేరులోనే ఉందనుకోవడం పొరపాటు. వట్టి నూలుగుడ్డను చిరివేరు కషాయంలో ఎంతసేపు ఉడికించినా, పట్టిన కొద్దిపాటి రంగు ఉతుకు నీళ్లలోనే పోతుంది. వేరులోని రంగు పదార్థమైన అలిజరిన్‌లో కర్బన, ఉదజని, ఆమ్లజని పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొని ఒకదానితో ఒకటి గట్టిగా కలిసి ఉంటాయి; ఇటువంటి కలయికను సమయోజనీయ బంధం అంటారు. నూలులోని సెల్యులోజు కూడా అటువంటి బంధాలతోనే ఏర్పడినది. కానీ దేనికది స్థిరంగా ఉన్న ఈ రెండింటినీ ఒకదానికొకటి కట్టిపడేసే గట్టి బంధం వాటంతట అవి ఏర్పరచుకోలేవు. ఆ పని చేసేది పటిక.

ఒక పరమాణువు ఎలక్ట్రాన్లను కోల్పోయినా అదనంగా పొందినా విద్యుదావేశం గల అయానుగా మారుతుంది. బందరు తీరపు మడుల్లో ఎండకు గడ్డకట్టే ఉప్పులో ధనావేశపు సోడియం అయాన్లు, రుణావేశపు క్లోరైడు అయాన్లు పరస్పర ఆకర్షణతో నిలిచి ఉంటాయి కనుక వాటి మధ్య ఉన్నది అయానిక బంధం. పటిక కూడా ఆ కోవకు చెందిన లవణమే. నీటిలో వేయగానే అది పొటాషియం, అల్యూమినియం, సల్ఫేటు అయాన్లుగా విడిపోతుంది. వీటిలో మూడు ఎలక్ట్రాన్లను కోల్పోయిన అల్యూమినియం అయాను పరిమాణంలో చిన్నది, ఆవేశంలో పెద్దది కావడం వల్ల ఇతర పరమాణువుల ఎలక్ట్రాన్ జంటలను బలంగా తనవైపు లాక్కుంటుంది. అలిజరిన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఆమ్లజని పరమాణువులు తమ జంటలను దానికి అందించి, పీత తన రెండు డెక్కలతో పట్టినట్టు దానిని పట్టుకుంటాయి. జంటలోని రెండు ఎలక్ట్రాన్లనూ ఒకే పక్షం ఇచ్చే ఈ బంధానికి సమన్వయ బంధమని పేరు. అదే అయానును మరోవైపు నుంచి గుడ్డకు ముందే పట్టించిన కరక్కాయ వగరు పదార్థం అంటిపెట్టుకొని ఉంటుంది. ఇలా మధ్యవర్తిగా నిలిచే లోహ లవణాన్ని వర్ణబంధకం అంటారు.

అద్దకందారు చేతిలో ఈ రసాయనమంతా కంటికి కనిపిస్తుంది. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. పాలలోని కొవ్వు అచ్చు అంచులు చెదరకుండా కాపాడుతుంది. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిం అనే ద్రవంలో టేకు అచ్చును ముంచి ఆ గుడ్డ మీద అద్దగానే, ఇనుప అయాన్లు కరక్కాయ వగరుతో కలిసి గీత నల్లబడుతుంది. పటికతో అద్దిన చోటు మాత్రం దాదాపు ఏమీ కనిపించదు. ఆ గుడ్డను పారే కాలువ నీటిలో జాడించి, పట్టు దొరకని పటికనంతా వదలగొట్టి, రంగు కాగులో ఉడికించినప్పుడు, అంతవరకు కంటికి ఆనని పువ్వులు, తీగలు ఎర్రగా తేలి వస్తాయి. అదే కాగులో ఇనుము అద్దిన చోట ఎరుపు రాదు, నల్లని ఊదా వస్తుంది. వేరు ఒకటే, లోహం మారితే రంగు మారుతుంది. పూర్వకాలపు ఈజిప్టు అద్దకందారులు ఒకే కాగులోంచి పలు రంగులు తీయడం గురించి రాస్తూ క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ ఆశ్చర్యపోయింది కూడా ఇటువంటి పనికే.

అయాను అనే మాటను శాస్త్రజ్ఞుడు ఫారడే వాడుకలోకి తెచ్చింది 1834లో. లోహ అయాను చుట్టూ ఇతర అణువులు ఎలా కూడుతాయో రసాయన శాస్త్రజ్ఞుడు వెర్నర్ వివరించింది 1893లో. అంతకు శతాబ్దాల ముందే బందరు అద్దకందారు ఏ లోహం ఏ రంగునిస్తుందో, ఎంత జాడిస్తే అంచు శుభ్రంగా నిలుస్తుందో చేతితో ఎరిగి ఉన్నాడు. ఆ ఎరుకను శాస్త్రం కాదనడం న్యాయం కాదు.

1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన తరువాత ఆ సరుకు చౌకగా అందుబాటులోకి వచ్చి, చిరివేరు సేకరణ క్రమంగా అడుగంటింది. అణువు అదే కనుక బంధమూ అదే, అందువల్ల పటికకు మాత్రం స్థానభ్రంశం కలగలేదు. మచిలీపట్నానికి దగ్గరలోని పెదనలో నేటికీ పటిక అద్దిన గుడ్డలను పెద్ద రాగి కాగుల్లో, కట్టెల మంట మీద ఉడికిస్తారు. ఇనుప కాగు అయితే దాని నుంచి విడుదలయ్యే అయాన్లు అల్యూమినియం చోటును ఆక్రమించి ఎరుపును మసకబారుస్తాయి.