ఉపాధ్యాయ కేంద్రాలు: ఒంటరి తెలుగు టీచరుకు తోడు

ఉపాధ్యాయ కేంద్రం అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు నెలకో రెండు నెలలకో ఒకచోట కూడి, పాఠం చెప్పడంలో ఎదురైన కష్టాలు మాట్లాడుకుని, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే చోటు. దీనికి వేరే భవనం అక్కర్లేదు. నడిమధ్యనున్న బడిలో ఒక గది, ఒక బీరువా నిండా పుస్తకాలు, చార్టులు ఉంటే చాలు. పై అధికారి వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్లే శిక్షణకూ దీనికీ తేడా ఒక్కటే: ఇక్కడ చెప్పేవారూ వినేవారూ టీచర్లే.

ఎలా మొదలైంది

ఇంగ్లండులో 1960లలో, ముఖ్యంగా 1964లో మొదలైన నఫీల్డ్ గణిత పథకంతో ఈ కేంద్రాలు విస్తరించాయి. తెలుగు నేలకూ ఇది కొత్త కాదు. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (అప్పెప్) ఊళ్లలోని టీచర్లను కేంద్రాల్లో కూడబెట్టింది. చేసి నేర్చుకోవడం, గుంపులుగా పని చేయించడం, స్థానిక పరిసరాలను పాఠంలోకి తేవడం, పిల్లలు చేసినవాటిని గోడలకు తగిలించడం ఆ పథకం నేర్పిన సూత్రాల్లో కొన్ని. 1994లో డీపీఈపీ, 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చాక దేశమంతటా క్లస్టర్, బ్లాక్ వనరుల కేంద్రాలు ఏర్పడ్డాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలని చెబుతోంది.

మన రాష్ట్రాల్లో పేర్లు

కర్ణాటకలో సమూహ సంపన్మూల కేంద్ర, తమిళనాడులో కుఱు వళ మైయం అంటారు. మహారాష్ట్రలో కేంద్ర ప్రముఖ్ ఆధ్వర్యంలో శిక్షణ్ పరిషద్ జరుగుతుంది. ఒడిశాలో క్లస్టర్ సమన్వయకర్త, అంటే సీఆర్‌సీసీ, చూసుకుంటారు. యానాంలో ఊరి భాషే తెలుగు కాబట్టి అక్కడి టీచర్లకు తోటివారి కొరత ఈ రూపంలో ఉండదు.

మన ఇబ్బంది ఎక్కడ

క్లస్టర్ సమావేశం ఆ రాష్ట్ర భాషలో నడుస్తుంది. అది సహజమే, మనకు అభ్యంతరం లేదు. లెక్కలు, సైన్సు విషయంలో మన టీచర్లకు అక్కడ లాభమే. కానీ తెలుగు చదివించడం గురించి మాట్లాడాలంటే ఆ గదిలో తెలుగు టీచరు ఒక్కరే ఉంటారు. అడగడానికి మనిషి లేరు.

అడగాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకని హోసూరు వైపు పిల్లలు తెలుగు రాసేటప్పుడు వీటిని కలిపేస్తారు. మరాఠీ, ఒడియా లిపుల్లో ఎ-ఏ, ఒ-ఓ అని పొట్టి పొడుగు తేడా లేదు. షోలాపూర్‌లోనో బరంపురంలోనో చదివే పిల్లలకు ‘కొడి’కీ ‘కోడి’కీ తేడా చూపడం ఒక పని. కోలారు, బళ్లారి పిల్లలకు కన్నడ, తెలుగు అక్షరాలు దగ్గరగా ఉండటమే చిక్కు. తలకట్టు ఒకచోట ఒకలాగ, ఇంకోచోట ఇంకోలాగ పెడతారు. వీటికి మందు సాటి తెలుగు టీచరు దగ్గరే దొరుకుతుంది, అచ్చు పుస్తకంలో దొరకదు.

తోడు లేని టీచరు ఎంత శ్రద్ధగలవారైనా కొన్నేళ్లకు అలసిపోతారు. చదువు చప్పబడితే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. తెలుగు సెక్షన్లు మూతపడే దారుల్లో ఇదొకటి.

ఏం చేయవచ్చు

1. మూడు నాలుగు క్లస్టర్లలోని తెలుగు టీచర్లను రెండు నెలలకొకసారి ఒక శనివారం మధ్యాహ్నం కలపాలి. దీనికి ప్రధానోపాధ్యాయుల ద్వారా బ్లాక్ కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. నకలు మీద స్వీకరణ ముద్ర తప్పక వేయించుకోవాలి.

2. ఒక్కో సమావేశానికి ఒకే విషయం పెట్టుకోవాలి: ఒత్తులు, చూచిరాత, కథ చెప్పడం, ఇలా. ప్రతి టీచరూ తమ పిల్లల నోటుబుక్కులు రెండు తేవాలి. తప్పులు చూసి మాట్లాడితేనే పని జరుగుతుంది.

3. నిర్ణయాలను మినిట్స్ పుస్తకంలో రాయాలి. వచ్చేసారి ముందు అవే చదవాలి.

4. గది, టీ ఖర్చు, చార్టుల కాగితం తెలుగు సంఘాలు చూసుకోవాలి. పాఠం ఎలా చెప్పాలన్నది మాత్రం మనం చెప్పకూడదు, టీచర్లకే వదలాలి.

చట్టం మాట

1956 సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలంటుంది. తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే టీచరును వేయాలని 1949 విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. ఈ రెండూ టీచరు ఉండాలని చెబుతాయి. ఆ టీచరు నిలదొక్కుకోవడానికి తోడు కల్పించే పని మిగిలింది, అది మన చేతుల్లో ఉంది.

మీ పిల్లల బడిలో తెలుగు టీచరు ఉంటే, ఈ నెలలో ఒకసారి కలిసి ఒక్క మాట అడగండి: ‘పక్క ఊరి తెలుగు టీచరును మీరు ఎప్పుడైనా కలిశారా?’ లేదంటే, వారిద్దరినీ కలపడంతోనే మీ ఊరి కేంద్రం మొదలవుతుంది.