ఐతియొపీయుడు ఏ దేశస్థుడు?



మొన్న బుధవారం బైబిలు స్టడీలో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం ధ్యానించుకున్నాం. గాజాకు పోయే అరణ్యమార్గంలో ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకుణ్ని కలుసుకున్న భాగం. అందరూ వెళ్ళాక ఒక తమ్ముడు ఫోనులో మ్యాపు తెరిచి, "అయ్యగారూ, కందాకే రాణి దేశం ఈ ఇథియోపియాయేనా?" అని అడిగాడు. "అదే" అనేశాను. చాలా ఏళ్ళుగా ప్రసంగాల్లో కూడా అలాగే చెబుతూ వచ్చాను. రాత్రి ఇంటికి వచ్చి సెమినరీ రోజుల నోట్సు, బైబిలు నిఘంటువు తీసి చూస్తే నా జవాబు తప్పని తెలిసింది. తప్పు చెప్పినవాణ్ని నేనే కాబట్టి సరిదిద్దవలసింది కూడా నేనే.

ఐతియొపీయ అన్నది గ్రీకు మాట. గ్రీకులో "ఐథో" అంటే కాల్చు, "ఓప్స్" అంటే ముఖం. కాలిన ముఖం గలవారు అని అర్థం. ఐగుప్తుకు దక్షిణాన ఉండే నల్లనివారిని గ్రీకులు అలా పిలిచారు. అది వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. ఐగుప్తీయులకు, హెబ్రీయులకు తెలిసిన ఆ దేశం పేరు కూషు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దం నుండి అలెగ్జాండ్రియాలోని యూదులు పాత నిబంధనను గ్రీకులోకి తర్జుమా చేసినప్పుడు, కూషు అన్నచోట్ల ఎక్కువగా ఐతియొపీయ అని రాశారు. మన తెలుగు బైబిలులో పాత నిబంధన హెబ్రీ పేరును, క్రొత్త నిబంధన గ్రీకు పేరును ఉంచాయి. అందుకే అవి రెండు వేర్వేరు దేశాలని మనం అనుకుంటాం.

ఆ రెండూ ఒకటేనని తెలిస్తే బైబిలులో ఒక జనాంగం కథ మొత్తం కనబడుతుంది. మోషే పెండ్లి చేసుకున్న స్త్రీ కూషు దేశస్థురాలు (సంఖ్యా. 12). హిజ్కియా కాలంలో అష్షూరు మీదికి బయలుదేరిన తిర్హాకా కూషు రాజు (2 రాజులు 19). బురదగుంటలో దిగిపోయిన యిర్మీయాకు, త్రాళ్ళు ఒరుసుకోకుండా చంకల క్రింద పాత బట్టలు పెట్టుకొమ్మని చెప్పి పైకి లాగిన ఎబెద్మెలెకు కూషీయుడు (యిర్మీయా 38). రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ పోయిన మంత్రి కూడా వాళ్ళవాడే.

ఆ దేశం ఎక్కడ? ఐగుప్తుకు దక్షిణాన, నైలు నది వెంబడి. అప్పటి రాజధాని మెరోయె. దాని శిథిలాలు, రాజుల రాణుల సమాధులపై కట్టిన పిరమిడ్లు నేటి సూడాన్‌లో ఉన్నాయి. కందాకే కూడా ఒక మనిషి పేరు కాదు. ఐగుప్తులో ఫరో అన్నట్టు, అది అక్కడి రాణుల బిరుదు.

మరి నేటి ఇథియోపియా? అది మెరోయెకు ఆగ్నేయంగా ఉన్న ఎత్తయిన కొండల దేశం. అక్కడ అక్సూము అనే వేరే రాజ్యం ఉండేది. 4వ శతాబ్దంలో దాని రాజు ఎజానా క్రైస్తవుడయ్యాడు. తన శాసనాల్లో అతడు కూషీయులను వేరే జనంగానే లెక్కించాడు. అయితే కాలక్రమేణా ఆ దేశ క్రైస్తవులు బైబిలులోని ఐతియొపీయ పేరును ప్రేమించి తమదిగా చేసుకున్నారు. బయటివాళ్ళు మాత్రం 20వ శతాబ్దం దాకా ఆ దేశాన్ని అబిస్సీనియా అంటూనే ఉన్నారు. అరబ్బుల "హబష్" నుండి వచ్చిన మాట అది. హైదరాబాదులో హబ్సిగూడ అంటాం కదా, ఆ హబ్షీ కూడా అదే మాట.

ఇక్కడే నా మనసు ఆగిపోయింది. మెరోయె ఉన్న దేశానికి నేటి పేరు సూడాన్. అరబ్బీలో దానికి నల్లవారు అని అర్థం. గ్రీకులు చూసింది రంగే, అరబ్బులు చూసింది రంగే.

ప్రియులారా, ఒక మాట ఒప్పుకోవాలి. కొంతకాలం క్రితం మన విశ్వాసుల ఇళ్ళలోనే ఒక పెళ్ళిచూపులకు నేను ప్రార్థన చేయడానికి వెళ్ళాను. పిల్ల చదువుకుంది, ప్రార్థనాపరురాలు. కాఫీలు తాగి బయటికొచ్చాక పెళ్ళికొడుకు తరఫువాళ్ళు, "అన్నీ బాగున్నాయి గానీ అయ్యగారూ, పిల్ల కొంచెం నలుపు" అన్నారు. నేను ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, విన్నదనే అనుకుంటున్నాను.

ఫిలిప్పు రథం దగ్గరికి పరుగెత్తి అడిగింది ఆ మనిషి చదువుతున్నది గ్రహిస్తున్నాడా అని మాత్రమే. అతడు పరదేశి. పైగా నపుంసకుడు గనుక ద్వితీయోపదేశకాండము 23 ప్రకారం సమాజంలో చేరడానికి వీల్లేనివాడు. నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేమిటని అతడు అడగడంలో ఎంత భయం ఉందో ఆలోచించండి. అతని చేతిలో ఉన్నది యెషయా 53. అదే గ్రంథం మరికొంచెం విప్పితే 56లో పరదేశికి, నపుంసకునికి దేవుడు తన యింటిలో చోటు, కొట్టివేయబడని పేరు వాగ్దానం చేశాడు. లోకం అతని జనానికి ముఖం చూసి పేరు పెట్టింది. దేవుడు ఇస్తానన్న పేరు వేరు. అతడు సంతోషిస్తూ తన త్రోవను వెళ్ళాడు.

ఆ అమ్మాయి ఇంటికి ఈ వారం వెళ్తాను. ఆ రోజు గుమ్మం దగ్గర అనవలసిన మాట ఇప్పుడైనా అంటాను.

మీరు ఒకటి చేయండి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలై, లక్షలమంది ఇళ్ళు విడిచి పారిపోయారు. కందాకే మంత్రి రథం తిరిగి వెళ్ళింది ఆ నేలకే. కుటుంబ ప్రార్థనలో 68వ కీర్తన 31వ వచనం చదివి, దేవునివైపు చేతులు చాచే ఆ జనం కొరకు ప్రార్థించండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.