స్థపతి ధర్మం – నిర్మాణఫలంలో సమభాగం

శ్రీ విశ్వకర్మణే నమః

ఆలయనిర్మాణ పుణ్యం ఎవరిది? ధనమిచ్చిన యజమానిదా, రూపకల్పన చేసిన స్థపతిదా, ఉలి పట్టిన తక్షకునిదా? ఆస్తికలోకంలో ఈ ప్రశ్న తరచుగా వినబడుతుంది. దీనికి జంటగా ఉండే రెండవ ప్రశ్నను అడిగేవారు మాత్రం అరుదు. ఆ నిర్మాణంలో దోషముండి, దానివల్ల ఒక ప్రాణికి హాని కలిగితే ఆ పాపం ఎవరిది?

దీనికి మన పెద్దలు ఏనాడో నిర్ణయం చెప్పారు. పని చేసిన కర్త, చేయించిన కారయిత, పురికొల్పిన ప్రేరకుడు, సమ్మతించిన అనుమోదకుడు – ఈ నలుగురూ సుకృతంలోను, దుష్కృతంలోను సమభాగులే. దీనిని యజ్ఞదానాలకే అన్వయించి ఊరుకోవడం మనకు అలవాటు. గృహానికి, గోపురానికి, సేతువుకు, మనుష్యుడు ఊహించి నిర్మించే ప్రతి వస్తువుకు ఇది వర్తిస్తుంది. “యజమాని కోరాడు, నేను గీసి ఇచ్చాను” అన్న సమాధానం ధర్మదేవత ఎదుట చెల్లదు. చరిత్రను పరిశీలిస్తే మన పూర్వులు ఈ సత్యాన్ని ఎంత గంభీరంగా గ్రహించారో తెలుస్తుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం తృతీయాధికరణంలో వాస్తువిషయం ఉన్నది. నీరు పోయే కాలువ ఎట్లుండాలి, రెండు ఇండ్ల నడుమ ఎంత ఎడం విడవాలి, వెలుతురు కొరకు కిటికీని ఎక్కడ అమర్చాలి అన్న సూక్ష్మవిషయాలు సైతం అక్కడ చర్చింపబడ్డాయి. పొరుగువానికి బాధ కలుగరాదన్నదే వీటన్నింటి అంతరార్థం. అతిక్రమించినవానికి దండన విధింపబడింది. ఇల్లు కట్టుకొనేవాడు తన సుఖంతో పాటు గోడకు ఆవలివైపున ఉన్నవాని సుఖాన్ని కూడా లెక్కలోనికి తీసుకోవాలని దీని భావం. చతుర్థాధికరణం కారువులను గురించి ప్రస్తావిస్తూ, ఒప్పుకొన్న పనిని వేరొక రీతిగా చేసినవాడు వేతనాన్ని కోల్పోవడమే గాక దండనకు పాత్రుడని చెబుతుంది.

మయమతాది గ్రంథాలు నిర్మాణకార్యాన్ని నలుగురికి పంచాయి. సర్వాన్ని పర్యవేక్షించేవాడు స్థపతి. సూత్రం పట్టి కొలతలు నిర్ణయించేవాడు సూత్రగ్రాహి. శిలాదారువులను చెక్కేవాడు తక్షకుడు. చెక్కినవాటిని కూర్చి నిలిపేవాడు వర్ధకి. పని నలుగురి చేతులమీదుగా నడిచినా, వారందరినీ నడిపించే భారం స్థపతిదే.

ఆ స్థపతికి ఏ గుణాలుండాలో 11వ శతాబ్దంలో ధారానగరాన్ని పాలించిన భోజరాజు సమరాంగణ సూత్రధారంలో వివరించాడు. శాస్త్రం, కర్మ, ప్రజ్ఞ, శీలం అన్న నాలుగూ ఉండాలి. శాస్త్రం మాత్రమే తెలిసి పని ఎరుగనివాడు రణరంగాన్ని చూచిన పిరికివానివలె క్రియాకాలంలో తడబడతాడని, పని మాత్రమే తెలిసి శాస్త్రం ఎరుగనివాడు పరుల చేయి పట్టుకొని నడిచే అంధునివంటివాడని ఆయన అభిప్రాయం. పాఠకులు నాలుగవ గుణాన్ని ప్రత్యేకంగా గమనించాలి. మొదటి మూడూ ఉన్నవానికి కూడా శీలం ఎందుకు? క్రోధం, ద్వేషం, లోభం, మోహం, రాగం – వీటికి లోబడినవాడు సరియైన విధం తెలిసి కూడా మరొక విధంగా చేస్తాడు గనుక. తెలియక చేసిన దోషాన్ని విద్య తొలగిస్తుంది. తెలిసి చేసే దోషాన్ని ఆపగలిగినది శీలమొక్కటే.

ఇటువంటి స్థపతులను ఆనాటి రాజులు గౌరవించారు కూడా. అలంపుర నవబ్రహ్మాలయాలను మనకు ప్రసాదించిన బాదామి చాళుక్యుల వంశంలోనే ద్వితీయ విక్రమాదిత్యుడు జన్మించాడు. ఆయన పట్టమహిషి లోకమహాదేవి 8వ శతాబ్దంలో పట్టదకల్లులో లోకేశ్వరాలయాన్ని నిర్మింపజేసింది. నేడు అది విరూపాక్షాలయంగా ప్రసిద్ధం. దానిని నిర్మించిన గుండ అనివారితాచారి నామం, ఆయనకు లభించిన బిరుదు అక్కడి శాసనంలో నేటికీ కనబడతాయి. రాతిమీద నామం చెక్కడం కీర్తికొరకే అనుకోరాదు. ఎవరైనా వచ్చి “ఇది ఎవరి పని?” అని ప్రశ్నిస్తే జవాబు ఆ రాతిమీదనే ఉన్నది. పేరు నిలిపినవాడు పనికి పూచీపడినట్లే.

పాలంపేటలో వెలసిన రామప్ప దేవాలయాన్ని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠింపజేసినట్లు శాసనం తెలుపుతుంది. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపబడింది. అక్కడి పునాదిగోతిని ఇసుకతో నింపి దానిపై ఆలయాన్ని నిలిపారు. శిఖరానికి నీటిపై తేలియాడేటంత తేలికైన ఇటుకలను వాడారు. లోపలి నేల కొన్నిచోట్ల కుంగినా ఆలయం ఎనిమిది శతాబ్దాలు దాటి నిలిచి ఉన్నది. ఆ శిల్పి అంతరంగాన్ని మనం చదువలేము గాని, ఆయన పనిని చదువగలం. పైనున్న భారాన్ని క్రింది స్తంభాలు ఎంతవరకు మోయగలవో ఆయన విచారించాడు. ఆ స్తంభాల నీడలో ముందుముందు కూర్చుండబోయే భక్తుణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆ భక్తుని క్షేమం ఆయన లెక్కలో ఉన్నది.

నిర్మాత బాధ్యత ఆయన దేహంతో పాటు ముగిసినా, నిర్మాణం బాధ్యత ముగియదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న నేలకొరిగింది. ముందుగానే బీటలను గమనించి జనాన్ని దూరంగా ఉంచినందున ప్రాణనష్టం తప్పింది. 2017లో నూతన గోపురానికి కుంభాభిషేకం జరిగింది. 494 సంవత్సరాలు నిలిచిన గోపురం మనకు నేర్పినది ఒకటున్నది. కట్టినవాని తరువాత కాపాడేవాడు ఆ భారాన్ని స్వీకరించాలి. బీట కనబడిన నాడే నోరు విప్పాలి.

నేటి కాలంలో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం, దాని ననుసరించి 1989లో వెలువడిన వృత్తిప్రవర్తన నియమావళి ఉన్నాయి. అవి అవసరమే. అయితే చట్టం సాధారణంగా దోషం బయటపడిన పిమ్మట విచారణ చేస్తుంది. కాగితంమీద గీత గీసే క్షణంలో స్థపతి ప్రక్కన మరెవ్వరూ ఉండరు. ఆయన శీలమే ఉంటుంది.

ఇక మనవంతు. పాత రాతికప్పుపై కొత్తగా సిమెంటు మండపం లేపాలని ఒక దాత కోరవచ్చు. వర్షపు నీరు పోయే తూమును మూసి నున్నని పలకలు పరచాలని మరొకరు ముచ్చటపడవచ్చు. శాసనమున్న రాతికి రంగు పూయాలని ఇంకొకరు తలంచవచ్చు. దాత భక్తిని శంకించనక్కరలేదు. కాని అక్కడ “ఇది తగదు” అని చెప్పవలసినవాడు స్థపతి. పని పోతుందేమో అన్న భయంతో అతడు మౌనం వహిస్తే, భోజరాజు చెప్పిన నాలుగవ గుణం లోపించినట్లే. సంకల్పం చెప్పే అర్చకుడు, సంతకం చేసే ధర్మకర్త, చందా ఇచ్చే భక్తుడు – వీరందరూ అనుమోదకులే. కనుక వారికీ సమభాగం తప్పదు.

కాబట్టి తదుపరి నిర్మాణానికి ద్రవ్యమిచ్చే ముందు ఆస్తికులు నాలుగు ప్రశ్నలు అడగాలని మనవి. ఈ పనికి పేరు పెట్టి పూచీపడే స్థపతి ఎవరు? క్రింది రాయి ఈ క్రొత్త భారాన్ని మోయగలదా? వాన కురిస్తే నీరు ఎటు పోతుంది? పర్వదినాన జనం క్రిక్కిరిసినప్పుడు ఒక వృద్ధురాలు క్షేమంగా వెలుపలికి రాగలదా? వీటికి తృప్తికరమైన సమాధానం దొరికిన పిమ్మటనే శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించండి.

స్వస్తి.